వదిన కణాలు

మా వదిన నెలకు మూడు రోజులు నేల మీద పడుకునేది. మంచం ఉన్నా నేల మీదే. ఆ చల్లదనానికి నొప్పి కాస్త అణుగుతుందనేది. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, అరుపు బయటికి రాకుండా పళ్ళ మధ్య గుడ్డపీలిక పెట్టుకునేది. పీలికలకు మా ఇంట్లో కొదవ లేదు. వదిన దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది.

ఆమె మా అన్నయ్యను చేసుకుని మా ఇంటికి వచ్చేనాటికి నాకు పన్నెండేళ్ళు. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. నోటికి అడ్డూ అదుపూ లేదని వదిన నాకు పిడుగు అని పేరు పెట్టింది. పద్నాలుగో ఏట ఒకరోజు ఆ పేరు నిలబెట్టుకున్నాను. బళ్ళో వార్షికోత్సవం, నా గౌనుకి ఇంకా అంచు కుట్టలేదు, వదిన చూస్తే నేల మీద ఉంది. ఈవిడకి నెలనెలా ఇదో నాటకం అని అమ్మతో అన్నాను. ఆడపుట్టుక పుట్టాక అందరికీ ఉండేదే, లోకంలో ఈవిడొక్కతేనా అంది అమ్మ. వదిన విన్నది. లేచి మిషను ముందు కూర్చుని, చెమటలు కారుతుండగా అంచు కుట్టి నా చేతికిచ్చింది. నేను గౌను వేసుకుని గంతులు వేస్తూ వెళ్ళిపోయాను.

ఆ నొప్పికి ఎండోమెట్రియోసిస్ అని ఒక పేరుందని నాకు తెలిసేసరికి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. అప్పటికి అమ్మ పోయింది. నేను ఒక పరిశోధనశాలలో చేరాను. గర్భాశయం లోపల ఉండవలసిన పొర బయట, అండాశయాల మీద, పేగుల మీద మొలుస్తుంది. నెలనెలా అక్కడా రక్తం ఊరుతుంది, పోవడానికి దారి ఉండదు. అండాశయంలో నల్లటి రక్తంతో తిత్తులు కడతాయి. పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొందరికి పిల్లలు పుట్టరు. అదంతా రాసిన వ్యాసం చదువుతుంటే ఒక్కొక్క వాక్యంలోనూ మా వదిన ముడుచుకుని పడుకుని కనిపించింది. పద్నాలుగేళ్ళ పాటు ఆమెను మందుల షాపువాడి మాత్రలకూ, ఇరుగుపొరుగు మాటలకూ వదిలేశాం.

మర్నాడే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తిత్తి తీశారు. అది మళ్ళీ వచ్చింది. మాత్రలు వాడింది. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. నేను మాత్రం ఆ జబ్బునే నా పనిగా పెట్టుకున్నాను. ఆ తిత్తులు చాలామందికి తిత్తులుగానే ఉండిపోతాయి. కొద్దిమందికి మాత్రం వాటి గోడలోంచే క్యాన్సరు మొదలవుతుంది. ఎవరికి, ఎందుకు మొదలవుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. దాన్ని తెలుసుకోవాలంటే ముందు ఆ కణాలు గాజుపాత్రలో బతకాలి. మా దగ్గర అవి బతికేవి కావు. ఆసుపత్రి నుంచి పదకొండు మంది నుంచి తీసిన ఆ క్యాన్సరు ముక్కలు వచ్చాయి. పదకొండూ మూడో వారానికో నాలుగో వారానికో చచ్చిపోయాయి.

పన్నెండోది మా వదినది.

అప్పటికి ఆమెకు నలభై ఐదేళ్ళు. పొట్ట బిగిసినట్టుంది, అన్నం నాలుగు ముద్దలకే నిండిపోతోంది అని నెల రోజులుగా అంటూ ఉంది. స్కాను తీసిన డాక్టరు నా వైపే చూశాడు, ఆమె వైపు చూడలేదు. అప్పుడే నాకు అర్థమైంది. ఆపరేషనులో అండాశయాలూ గర్భాశయమూ తీసేశారు. పాత తిత్తి గోడలోంచే పుట్టిన క్యాన్సరు. నేను పదేళ్ళుగా వెతుకుతున్నది సరిగ్గా అదే.

తీసిన దాంట్లోంచి ఒక ముక్క పరిశోధనకు ఇవ్వడానికి వదిన తనే సంతకం పెట్టింది. ముక్క వచ్చే పెట్టె మీద అంకె తప్ప పేరుండదు. కానీ ఆ రోజు వచ్చింది ఒక్క పెట్టే. మా ల్యాబు పెద్ద, మేమందరం మేడమ్ అని పిలిచే ఆవిడ, ఈ ఒక్కటి నువ్వు ముట్టుకోకు, సొంతవాళ్ళది, వేరేవాళ్ళు చేస్తారు అంది. నేను బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి సరేనంది.

మా ల్యాబులో ఒక టెక్నీషియన్ ఉన్నాడు. నియమాలు ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతాడని అతన్ని పంతులు అనేవాళ్ళం. ఒక పూట ఒకే రకం కణాలు బయటికి తియ్యాలి, ఒక్కొక్క రకానికి వేరే ఆహారద్రవం సీసా, వేరే చేతితొడుగులు, మధ్యలో బల్లంతా తుడవాలి. ఇవి అతను రోజూ చెప్పే పాఠాలు. ఆ రోజు పంతులు సెలవులో ఉన్నాడు. ముందు రోజంతా నేను ఆపరేషను గది బయట కూర్చున్నాను. కంటి మీద కునుకు లేదు. వదిన ముక్కను కోసి, కరిగించి, కణాలను ఫ్లాస్కులో వేశాను. అదే పూట మా దగ్గర ఏళ్ళ తరబడి పెరుగుతున్న మరో క్యాన్సరు కణాలకు కూడా ఆహారం మార్చాలి. ఎప్పుడో ఎక్కడి నుంచో తెచ్చుకున్న కణాలవి. ఏం చేసినా చావవు. వాటికి పాతకాపు అని పేరు. వాటి పనీ నేనే చేశాను.

రెండు వారాలు వదిన కణాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. మూడో వారం ఒక సోమవారం ఉదయం మైక్రోస్కోపులో చూస్తే ఫ్లాస్కు అడుగున దీవుల్లా పరుచుకుని ఉన్నాయి. గురువారానికి దీవులు కలిసిపోయాయి. నేను కుర్చీలోంచి లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి, నీ కణాలు బతికాయి వదినా అని చెప్పాను. ఆమె అప్పటికి మొదటి విడత మందులు ఎక్కించుకుని, గుండు మీద రుమాలు కట్టుకుని, కాజాలు కుడుతూ ఉంది.

“అంటే నా రోగం అక్కడ కూడా వృద్ధిలోకి వచ్చిందన్నమాట,” అంది నవ్వుతూ.

పంతులు నాకు మూడుసార్లు గుర్తుచేశాడు. కణాలనూ ఆమె రక్తాన్నీ సరిపోల్చే పరీక్ష ఉంది, పంపిద్దామా అన్నాడు. నా కళ్ళముందే వచ్చాయి, నా చేత్తో వేశాను, ఇంకెవరివి అవుతాయి, తర్వాత పంపిద్దాంలే అన్నాను. మూడుసార్లూ అదే మాట. ఆ పరీక్ష ఒక్క మధ్యాహ్నం పని.

ఎనిమిది నెలలకు రోగం తిరగబెట్టింది. డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఇక మిగిలినవి రెండు మందులు అని చెప్పాడు. ఏది ఇచ్చినా పదిమందిలో ఒకరికి పనిచేస్తే గొప్ప. మొదటిది ఒంట్లో రక్తం తగ్గిస్తుంది, నీరసం. రెండోది వేళ్ళలో నరాలను తింటుంది, స్పర్శ పోవచ్చు, పోతే తిరిగి రాకపోవచ్చు. వదిన ఆలోచించనే లేదు. మొదటిది ఇవ్వండి డాక్టరుగారూ, నీరసం నాకు అలవాటే, వేళ్ళు లేకపోతే నేనేం చేసుకోను అంది.

అప్పుడు నేను నోరు తెరిచాను. సంచిలోంచి కాగితాలు తీశాను. ఆ రెండు మందులనూ నేను అప్పటికే ఫ్లాస్కులోని కణాల మీద వేసి చూశాను. మొదటి దానికి అవి చలించలేదు. రెండో దానికి మూడు రోజుల్లో ముడుచుకుని, అడుగు వదిలి, పైకి తేలిపోయాయి. ఒకసారి కాదు, ఆరుసార్లు చేశాను. డాక్టరు కాగితాలు చాలాసేపు చూశాడు.

“గాజులో జరిగింది ఒంట్లో జరగాలని లేదు. మీకు తెలియంది కాదు,” అన్నాడు.

“తెలుసు సార్. కానీ ఇవి ఎవరివో కాదు. ఆవిడవే.”

“ఆ మాట నిజమే. అటూ ఇటూ సమానంగా ఉన్నప్పుడు అది ఒకవైపుకు కొంత మొగ్గు చూపిస్తుంది. అయితే నిర్ణయం ఆవిడది.”

వదిన తన చేతులు తిప్పి చూసుకుంది. కుడి చూపుడు వేలి చివర సూది తగిలి తగిలి చర్మం కాయ కాచింది. అన్నయ్య గోడ వైపు చూస్తున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళదేముంది వదినా, ముందు ప్రాణం నిలబడనీ అన్నాను. మునిగేవాడికి గడ్డిపోచ అంటారు. ఆ రోజు మునుగుతున్నది ఎవరో, గడ్డిపోచ ఎవరో నాకు తెలియలేదు. ఆమె సరేనంది.

మూడో విడతకు వేళ్ళ కొసల్లో చీమలు పాకడం మొదలైంది. నాలుగో విడతకు బాబిన్‌లో దారం ఎక్కించలేకపోయింది. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగానే తెల్ల చొక్కాకు గుండీలు కుడుతోంది. చొక్కా ముందు భాగమంతా వరసగా ఎర్ర చుక్కలు. వదినా, రక్తం అన్నాను. ఎవరిది అని అడిగింది. సూది ఆమె వేలిలో గోటి కింద సగం దిగి ఉంది. ఆమెకు తెలియనే లేదు.

ఆ తర్వాత కుట్టుపని ఆపేసింది. మిషను మీద గుడ్డ కప్పింది. ఆరో విడత అయ్యాక తీసిన స్కానులో రోగం తగ్గలేదు సరికదా, పెరిగింది. మాకు అర్థం కాలేదు. ఫ్లాస్కులో ఆరుకి ఆరుసార్లు చచ్చిన కణాలు ఒంట్లో ఎందుకు చావవు? మందు అక్కడిదాకా చేరడం లేదేమో అని నేను మరో ప్రయోగం మొదలుపెట్టాను. పగలంతా దానిమీదే ఉన్నాను.

అదే వారం, ఈ కణాల మీద మేం రాసిన వ్యాసం పంపిన పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. అంతా బాగుంది, కణాలు ఆ రోగివేనని రుజువు జతచేయండి అని. పంతులు ఫ్లాస్కులోంచి కొన్ని కణాలనూ, దాచిన వదిన రక్తపు నమూనానూ పంపాడు. వారం తర్వాత ఫలితం వచ్చింది. అతను కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి, ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు.

రెండు వరసల అంకెలు. ఒక మనిషివే అయితే రెండు వరసలూ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఎక్కడో ఒకటీ అరా తప్ప కలవలేదు. కింద ఒక ముక్క రాశారు: ఈ కణాలు ఇప్పటికే నమోదైన ఫలానా కణాలతో పూర్తిగా సరిపోయాయి. అది పాతకాపు.

నమూనాలు తారుమారయ్యాయేమో అని మళ్ళీ పంపాను. అదే జవాబు. మూడోసారి వేరే చోటికి పంపాను. అదే. అప్పుడు నా నోటుపుస్తకం తీసి ఆపరేషను మర్నాటి పేజీ చూశాను. నా రాతే. ముందు పాతకాపుకు ఆహారం మార్పు, ఆ తర్వాత కొత్త ముక్క. సీసా సంఖ్య రెండు చోట్లా ఒకటే రాసి ఉంది. ఒకే సీసా తెరిచి, ముందు దానికీ తర్వాత దీనికీ పోశాను. ఆ సీసా మూతికో, లోపలికో పాతకాపు కణం ఒకటి చేరింది. ఒక్కటి చాలు. వదిన కణాలు రెండు వారాలు కొన ఊపిరితో ఉండి చచ్చిపోయాయి. వాటి చోటులో ఇవి పెరిగాయి. నేను సంబరపడిన సోమవారం నేను చూసింది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కణాలను.

మేడమ్ గదిలోకి వెళ్ళి నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆవిడ చదివి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు నలుపుకుంది.

“వ్యాసం వెనక్కి తీసుకునే పని నేను చూసుకుంటాను,” అంది. “డాక్టరుకీ మీ వదినకీ చెప్పాల్సింది నువ్వే. నేను చెబితే అది ల్యాబు మాటవుతుంది.”

డాక్టరు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. మొదటి మందు ఇచ్చినా ఫలితం వేరుగా ఉండేదని చెప్పలేను, ఉండేది కాదనీ చెప్పలేను అన్నాడు. ఆ రెండు మాటల మధ్య నన్ను వదిలేసి తర్వాతి రోగిని పిలిచాడు.

ఇంటికి ఇంకా నాలుగు స్టాపులున్నాయి. నేను బస్సు దిగి నడిచాను. దారిపొడుగునా నాకు నేనే పాఠం చెప్పుకుంటూ, ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అని పేర్చుకుంటూ. వదిన వరండాలో కూర్చుని ఉంది. అన్నయ్య అప్పుడే డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా ఇంకా విప్పకుండా ఆమె పాదాలకు నూనె రాస్తున్నాడు. స్పర్శ పాదాల్లోనూ పోయింది మరి. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. నిలబడే చెప్పేశాను. సీసా సంగతి, పరీక్ష సంగతి, మూడుసార్లు వాయిదా వేసిన సంగతి. అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. వదినకు అంతా అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“అయితే నావేమయ్యాయి?” అంది.

“చచ్చిపోయాయి వదినా. మొదట్లోనే.”

“మరి ఆ మందు?”

“అది చంపింది వేరేవాళ్ళ కణాల్ని.”

ఆమె తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళు ముడిచింది, తెరిచింది.

“ఆ రోజు నువ్వు కాగితాలు తీసినప్పుడు నాకేమనిపించిందో తెలుసా పిడుగూ? ఇన్నేళ్ళకి నా ఒంటి మాట ఎవరో విన్నారనిపించింది. అందుకే సరేనన్నా. ప్రాణం మీద ఆశతో కాదు.” ఒళ్ళోని చేతులను బోర్లించింది. “అదీ నా మాట కాదన్నమాట.”

క్షమించమని అడగాలనుకున్నాను. అంతలో ఆమె లేవబోయింది, కాళ్ళు నిలవక తడబడింది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, అన్నయ్య భుజం పట్టుకుని లోపలికి వెళ్ళింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను చేసిచ్చిన టీ తాగేది, గ్లాసు కింద పెట్టేది, అంతే. అన్నయ్య మాట్లాడాడు. అంత చదువు చదివి సీసా మార్చుకోవడం తెలియలేదా అని ఒక్కసారే అడిగాడు.

ఐదో రోజున ఆమె పొట్టలో నీరు చేరింది. ఆసుపత్రిలో గొట్టం వేసి తీశారు. పసుపుపచ్చగా, రెండు పెద్ద సీసాల నిండా. నర్సు వాటిని పారబొయ్యడానికి తీసుకెళ్తుంటే వదిన ఆపింది. ఇందులో ఆ కణాలుంటాయా అని డాక్టరును అడిగింది. ఉంటాయి, చాలా ఉంటాయి అన్నాడు.

“అయితే మా ఆడపడుచుకివ్వండి,” అంది.

నేను గది మూల నిలబడి ఉన్నాను. వద్దు వదినా, ఈసారి పంతులు చేస్తాడు, నేను ముట్టుకోను అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట ఇది:

“చొక్కా పాడుచేసినవాళ్ళే విప్పి మళ్ళీ కుట్టాలి. ఎవరికో ఇస్తే కుదరదు.”

అది క్షమించడమో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. సీసాలు తీసుకుని వెళ్ళాను.

ఈసారి పాతకాపును ఆ గదిలోంచే తీయించేశాను. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ వేరే, సీసాలు వేరే, బల్ల వేరే. నేను చేస్తుంటే పంతులు పక్కన నిలబడి ప్రతి అడుగూ చదివి వినిపించాడు, నేను ప్రతి అడుగుకూ అవునన్నాను. కణాలను ఆరు ఫ్లాస్కుల్లో వేశాం. రెండు వారాల్లో నాలుగు పోయాయి. మిగిలిన రెండింట్లో అక్కడక్కడా కొన్ని, లోపల ఏమీ లేనట్టు గాజుపూసల్లా మెరుస్తూ, కదలకుండా అంటుకుని ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు ఇంక్యుబేటర్ తలుపు తీయబోయి, చలిగాలి తగులుతుందని చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. మా వదిన ఒంట్లో ఏవి చావాలని దేవుణ్ణి మొక్కుతున్నానో, అవే ఇక్కడ బతకాలని మొక్కుతున్నాను.

ఐదో వారంలో అవి విభజన చెందడం మొదలుపెట్టాయి. నెమ్మదిగా, పది రోజులకు ఒక్క రెట్టింపు. పిడికెడు కణాలు కాగానే మొదట చేసిన పని సరిపోల్చే పరీక్షకు పంపడం. రెండు వరసలూ అంకెకు అంకె కలిశాయి. పంతులు కాగితం తెచ్చి ఇచ్చి, ఈసారి వెళ్ళిపోకుండా నిలబడ్డాడు. ఇద్దరం నవ్వుదామనుకున్నాం కానీ రాలేదు.

ఆ రెండు మందులూ వాటి మీద వేశాను. మొదటి మందుకు చావలేదు. రెండో మందుకూ చావలేదు. ల్యాబు అలమారాలో ఉన్న మరో ఏడు మందులు ఒక్కొక్కటే వేశాను. కొన్నిటికి రెండు రోజులు మందగించి, మళ్ళీ లేచి కూర్చున్నాయి. మోతాదు పెంచాను. మనిషి తట్టుకోలేని మోతాదుకు గానీ చావలేదు. ఇంకేదైనా ఉందా అని ఎక్కడెక్కడి ల్యాబులకో ఉత్తరాలు రాశాను. ఒకరు ఇంకా పేరు కూడా పెట్టని మందు పంపుతామన్నారు, ఆరు నెలలు పడుతుందన్నారు.

ఆరు నెలలు ఎవరికున్నాయి? వదిన అప్పటికి ఆసుపత్రిలోనే ఉంటోంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం నిండుగర్భిణిలా ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. దాచడం నాకిక చేతకాదు. ఇవి నిజంగా నీవే, రెండు మందుల్లో ఏది ఇచ్చినా పనిచేసేది కాదు, అంటే మొదటిది ఇచ్చి ఉంటే నీ వేళ్ళయినా మిగిలేవి అన్నాను.

ఆమె కళ్ళు మూసుకునే విన్నది.

“తొమ్మిది మందులకీ చావలేదా?”

“లేదు.”

“అంత మొండివా?” పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. “అయితే నావే. అనుమానం లేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. పాతికేళ్ళలో నేను ఆమె ముందు ఏడవడం అదే మొదటిసారి. ఆమె చెయ్యి ఎత్తి నా తల మీద వేసింది. జుట్టు తగులుతోందో లేదో ఆమెకు తెలియదు. అలాగే ఉంచింది. కాసేపటికి, వాటిని జాగ్రత్తగా చూసుకో, ఎవరికో ఒకరికి పనికొస్తాయి, పారెయ్యకు అంది. ఆ ఒకరు తను కావాలని ఆమెకు లేదని ఎలా అనుకోను? ఆ తర్వాత నొప్పి వచ్చింది, నర్సును పిలిచాను, మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే. తర్వాతి పది రోజులూ మందు మత్తులోనే ఉంది. పదకొండో రోజు ఉదయం, అన్నయ్య మొహం కడుక్కుని వచ్చేలోపు, పోయింది.

రెండు నెలల తర్వాత అన్నయ్య మా ల్యాబుకు వచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు. ఖాకీ చొక్కా మీద తెల్లకోటు వేయించి లోపలికి తీసుకెళ్ళాను. చూపించు అన్నాడు. ఏం చూపించాలని నేను అడగలేదు. ఫ్లాస్కు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అతనికి మొదట ఏమీ కనబడలేదు. మైక్రోస్కోపు గొట్టాల మధ్య దూరం అతని కళ్ళకు సరిచేశాను. చాలాసేపు చూశాడు.

“ఇవేనా?”

“ఇవే.”

“బతికున్నాయా?”

“ఉన్నాయి.”

అతను కన్ను తీయలేదు.

“అది పోయింది. ఇవి ఉన్నాయి.” బల్ల అంచు పట్టుకున్నాడు. “చంపెయ్. నా ముందే. ఒక్కటి కూడా మిగల్చకు.”

తను ఉంచమంది అన్నయ్యా, సంతకం కూడా పెట్టింది, ఈ జబ్బు కణాలు ఇలా బతికి ఉండటం మా దగ్గర ఇదే మొదటిసారి అని చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి. అతను తలెత్తి నన్ను చూశాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి. దాన్ని తిన్నవాటిని నువ్వు మేపుతున్నావు అన్నాడు. అతను ఫ్లాస్కు వైపు చెయ్యి చాచాడు. నేను అడ్డం నిలబడ్డాను. ఒక్క క్షణం నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కోటు విప్పి కుర్చీ మీద వేసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు దాటడం మర్చిపోయినట్టు చాలాసేపు అంచునే నిలబడి ఉన్నాడు.

ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటాం. అవసరానికి రెండు మాటలు, అంతే.

అన్నయ్య ల్యాబుకు వచ్చిన ఆ రోజు గురువారం. ఆహారం మార్చే రోజు. బల్ల తుడిచాను, కొత్త తొడుగులు వేసుకున్నాను, వాటి కోసమే విడిగా ఉంచిన సీసా తెరిచాను. పాత ద్రవం తీసేసి, కొత్తది పోసి, మూత బిగించి, ఫ్లాస్కును వెచ్చగా ఉండే అరలో పెట్టి తలుపు వేశాను.